సముద్రపు లెక్క, ఉమ్మడి కోడ్, వంతుల మీద కంప్యూటర్

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. శ్రీకాకుళం పట్టణం దాటిన నాగావళి కూడా ఇదే తీరంలో కలుస్తుంది. వానలు వెనుకపట్టే నాటికి ఈ రెండు నదుల నీటికి ఉత్తరాన మహానది నీరు, ఇంకా పైనుంచి గంగా, బ్రహ్మపుత్రల వరద నీరు తోడై బంగాళాఖాతం పైపొరలో ఉప్పదనాన్ని బాగా తగ్గిస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు తీరాన్ని ఒరుసుకుంటూ దక్షిణానికి సాగే ప్రవాహం ఈ తక్కువ ఉప్పు నీటిని ఒక సన్నని పట్టీలా మన తీరం ముందునుంచే తీసుకుపోతుంది. ఉప్పు తక్కువైన నీరు తేలిక కనుక అడుగునున్న నీటితో అంత సులువుగా కలవదు. తుపాను గాలి సముద్రాన్ని ఎంత చిలికినా కింది చల్లదనం పైకి రావడానికి ఈ తేలిక పొర అడ్డుపడుతుంది, అందువల్ల తుపానుకు సముద్రం నుంచి అందే వేడి తొందరగా తగ్గదు. 2014లో హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని, ఆ మర్నాడు ఉద్దానంలో నేలకూలిన కొబ్బరి తోటలను చూసిన జిల్లాకు ఈ పొర మందం ఎంతన్నది పుస్తకాల్లో మాత్రమే ఉండే ప్రశ్న కాదు.

ఆ పొర మందాన్ని, దాని కదలికను, మరో యాభై ఏళ్లలో అది ఎలా మారవచ్చో లెక్కగట్టేవి సముద్ర నమూనాలు. వాటి వెనుక ఉన్న భౌతిక సమీకరణాల గురించి తెలుగులో కొంతైనా రాశారు. ఆ సమీకరణాలను మోసే కోడ్‌ను వందల మంది కలిసి ఎలా కాపాడుకుంటారో, దాన్ని నడిపే పెద్ద కంప్యూటర్‌ను ఎలా పంచుకుంటారో రాసినవారు తక్కువ. నమూనా చెప్పే మాటను ఎంతవరకు నమ్మవచ్చన్నది సమీకరణాల మీద ఎంత ఆధారపడుతుందో, ఈ ఉమ్మడి నిర్వహణ మీదా అంతే ఆధారపడుతుంది. ఈ విషయం నాకు చదువు వల్ల తెలియలేదు, మా ప్రయోగశాలలో జరిగిన ఒక పొరపాటు వల్ల తెలిసింది. దాని సంగతి తరువాత చెబుతాను.

నమూనా సముద్రాన్ని గళ్లుగా కోసి, ప్రతి గడిలో నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహ వేగం ఇంత అని రాసుకుని, కొద్ది నిమిషాల తరువాత అవి ఎంతవుతాయో లెక్కిస్తుంది. మళ్లీ కొద్ది నిమిషాలు, మళ్లీ లెక్క. ఒక్కో గడి ఒక డిగ్రీ వెడల్పైతే అది దాదాపు 111 కిలోమీటర్లు. రాష్ట్రంలో అతి పొడవైన తీరం మన శ్రీకాకుళం జిల్లాదే, సుమారు 193 కిలోమీటర్లు. ఒక డిగ్రీ నమూనాలో ఆ తీరమంతా రెండు మూడు గళ్లలో ఇమిడిపోతుంది. నది నీటి పట్టీ, నూరు రెండు నూర్ల కిలోమీటర్ల వ్యాసంతో తిరిగే సుడులు అందులో విడిగా కనిపించవు. గడిని చిన్నది చేస్తే కనిపిస్తాయి, కానీ ఖర్చు పెరుగుతుంది, అది పెరిగే తీరును గమనించాలి. గడి పక్కను నాలుగో వంతుకు తగ్గిస్తే ఒకే వైశాల్యంలో గళ్లు 16 రెట్లవుతాయి. ఒక్క అడుగు కాలంలో నీటి కదలిక ఒక గడిని మించి దాటకూడదన్న నియమం ఉంది. కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితజ్ఞులు 1928లోనే దీన్ని నిరూపించారు. అందువల్ల కాలపు అడుగును కూడా నాలుగో వంతు చేయక తప్పదు. మొత్తం లెక్క 64 రెట్లు. ఒక డిగ్రీ నుంచి 1/12 డిగ్రీకి వెళితే 1,728 రెట్లు. 1/48 డిగ్రీకి వెళితే లక్షా పదివేల రెట్లకు పైమాటే. హైదరాబాద్‌లో సముద్ర సమాచారాన్ని, హెచ్చరికలను అందించే ఇన్‌కాయిస్ సంస్థ రోమ్స్ అనే నమూనాను తీర ప్రాంతాల ముందస్తు సూచనల కోసం అంత సన్నని గళ్లతో నడుపుతున్నదంటే, అది ప్రపంచ సముద్రమంతటికీ కాక తీరం వెంట ఒక పట్టీకే పరిమితం కావడానికి కారణం ఈ గుణకారమే.

ఇప్పుడు కోడ్ దగ్గరికి వద్దాం. 1960లలో అమెరికాలోని జీఎఫ్‌డీఎల్ ప్రయోగశాలలో కర్క్ బ్రయన్, ఆయన సహచరుడు మైకేల్ కాక్స్ సముద్ర ప్రసరణను కంప్యూటర్ మీద లెక్కగట్టే పని మొదలుపెట్టారు. 1969లో బ్రయన్, సుకురో మనాబే కలిసి వాతావరణాన్నీ సముద్రాన్నీ జోడించిన తొలి నమూనాను ప్రచురించారు. మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కడానికి దారితీసిన కృషిలో ఇదీ భాగమే. ఆ పరంపరలోదే మామ్ అనే సముద్ర నమూనా. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసి, ప్రపంచ నమూనాల పోలికకు మన దేశం తరఫున తొలిసారిగా పంపిన భూవ్యవస్థ నమూనాలో సముద్ర భాగం మామ్ నాలుగో తరానిది. ఇప్పుడు వాడుకలో ఉన్నది ఆరో తరం. యూరప్ దేశాలవారు నీమో అనే మరో సముద్ర నమూనాను కలిసి పెంచుతున్నారు. ఇవేవీ ఒక్కరు రాసినవి కావు. ఫోర్‌ట్రాన్ భాషలో లక్షల వరుసలు, దశాబ్దాల తరబడి, ఒకరినొకరు ఎన్నడూ చూడనివారు రాసినవి. వారిలో కొందరు పదవీ విరమణ చేశారు, కొందరు కాలం చేశారు. వారు రాసిన వరుసలు మాత్రం ఈ రాత్రి కూడా ఎక్కడో ఒక యంత్రం మీద నడుస్తూనే ఉంటాయి.

ఇటువంటి ఉమ్మడి ఆస్తికి మొదటి ప్రమాదం నకళ్లు. ఒక పరిశోధకుడు కోడ్‌ను తన ఫోల్డర్‌లోకి తెచ్చుకుంటాడు, తనకు కావలసిన మార్పు చేసుకుంటాడు, పత్రం ప్రచురిస్తాడు, వెళ్లిపోతాడు. అతను సరిచేసిన తప్పు మూల కోడ్‌లో అలాగే ఉండిపోతుంది. మూల కోడ్‌లో ఇతరులు సరిచేసినవి అతని నకలుకు చేరవు. పదేళ్లలో ఒకే పేరుతో పది వేర్వేరు నమూనాలు తయారవుతాయి. 2005లో వచ్చిన గిట్ వంటి సాధనాలు దీనికి సాంకేతిక పరిష్కారం చూపాయి. ప్రతి మార్పూ ఒక కమిట్‌గా, ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో సహా నిలిచిపోతుంది, దానికి 40 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య చెబితే చాలు, పదేళ్ల తరువాతైనా అక్షరం తేడా లేకుండా అదే కోడ్‌ను తిరిగి తెచ్చుకోవచ్చు.

అయితే సాధనం ఉన్నంత మాత్రాన కట్టుబాటు రాదు. మామ్ ఆరో తరాన్ని పెంచుతున్నవారి పద్ధతిని నేను శ్రద్ధగా చదివాను, నాకది ఆదర్శంగా తోచింది. అందులో పాలుపంచుకునే ప్రతి పెద్ద సంస్థకూ తన సొంత బ్రాంచ్, అంటే కోడ్‌లో తాను విడిగా పెంచుకునే శాఖ, ఉంటుంది. అందరికీ ఉమ్మడిగా ఒక ప్రధాన బ్రాంచ్ ఉంటుంది. ఒకరి మార్పు అక్కడికి చేరాలంటే మిగతా సంస్థలు దాన్ని తమ తమ అమరికల్లో, అంటే తాము ఎంచుకున్న గళ్లు, గుణకాలతో, నడిపి చూసి ఒప్పుకోవాలి. ప్రతి మార్పు విషయంలో అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దీనివల్ల జవాబు మారుతుందా? కోడ్‌ను శుభ్రపరచడానికో, వేగం పెంచడానికో చేసిన మార్పైతే జవాబు చివరి అంకె దాకా మారకూడదు. నిజమైన తప్పును సరిచేస్తే జవాబు మారుతుంది. అప్పుడు ఆ దిద్దుబాటును ఒక మీట వెనుక పెడతారు. మీట వేస్తే కొత్త లెక్క, వేయకపోతే పాత లెక్క. తెలిసిన తప్పును కోడ్‌లో ఉంచుకోవడం ఏమిటని మొదట్లో నాకూ అనిపించింది. కానీ ఒక సంస్థ వంద సంవత్సరాల పరుగులో (నమూనాను మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడపడాన్ని పరుగు అంటాం) అరవై ఏళ్లు పూర్తిచేసి ఉన్నప్పుడు లెక్క మధ్యలో మారిపోతే, ఆ తరువాత కనిపించే వేడెక్కడం సముద్రానిదో దిద్దుబాటుదో చెప్పలేం. పరుగు ముగిశాక పాత మీటలను తీసివేయవచ్చు, తీసివేస్తారు కూడా.

చివరి అంకె దాకా ఒకే జవాబు అన్నాను. ఇది వినడానికి సులువు, సాధించడం కష్టం. కారణం కూడికలోనే ఉంది. కంప్యూటర్ ప్రతి సంఖ్యనూ పరిమితమైన అంకెలతో దాచుకుంటుంది. నాలుగు అంకెలే దాచుకునే యంత్రం ఉందనుకుందాం. 1000కి 0.4 కలిపితే 1000.4 రావాలి, కానీ నాలుగు అంకెల్లో అది 1000గా మిగులుతుంది. దానికి మరో 0.4 కలిపినా మళ్లీ 1000. అదే ముందుగా రెండు 0.4లను కలిపితే 0.8, దాన్ని 1000కి కలిపితే 1000.8, నాలుగు అంకెల్లో 1001. అంకెలు అవే, కూడికా అదే, వరుస మారింది, జవాబు మారింది. నిజమైన యంత్రాల్లో పదిహేను పదహారు అంకెలుంటాయి కనుక తేడా చాలా చిన్నది. కానీ సముద్రాన్ని 4 కోర్లకు, అంటే ఒకేసారి విడివిడిగా లెక్కచేసే కంప్యూటర్ భాగాలకు, పంచితే కూడే వరుస ఒకటి, 16 కోర్లకు పంచితే వరుస మరొకటి. ఈ తేడాను సుడులు రోజురోజుకూ పెద్దవి చేస్తాయి. మొదట్లోని అతి చిన్న తేడా కూడా పెరిగి పెద్దదవుతుందని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో వాతావరణం గురించి చూపించినది సముద్రపు సుడులకూ వర్తిస్తుంది. కొన్ని నెలల లెక్క తరువాత రెండు పరుగుల్లో సుడులు వేర్వేరు చోట్ల ఉంటాయి.

దీర్ఘకాలపు సగటులు ఎలాగూ ఒక్కటే అవుతాయి గదా, ఈ పట్టుదల దేనికి అని అడగవచ్చు. సగటులు ఒక్కటైతే శీతోష్ణస్థితి ఫలితానికి హాని లేదన్నది నిజమే. అసలు ఇబ్బంది వేరు. ఒకరు కోడ్ మార్చారు, జవాబు కొద్దిగా మారింది. అది కూడిక వరుస వల్లనా, వారు తెలియక చేసిన తప్పు వల్లనా? మామూలుగానే జవాబులు అటూఇటూ మారే నమూనాలో ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు, తప్పు ఆ అలజడి వెనుక దాక్కుంటుంది. కోర్ల సంఖ్య ఎంతైనా జవాబు ఒక్కటే వచ్చే నమూనాలో చివరి అంకె కదిలినా ఏదో జరిగిందని వెంటనే తెలుస్తుంది. అందుకోసం మామ్ రచయితలు మొత్తాలను కూడేటప్పుడు దశాంశ సంఖ్యలను పూర్ణాంకాలుగా మార్చి కూడే పద్ధతిని తెచ్చారు. రూపాయల లెక్కను పైసల్లోకి మార్చుకుని కూడితే ఏ వరుసలో కూడినా మొత్తం ఒక్కటే అయినట్టు, పూర్ణాంకాల కూడికకు వరుసతో పని లేదు.

వారి మరో పరీక్ష నాకు ఇంకా నచ్చింది. లెక్క మొదలుకాకముందే పొడవులన్నింటినీ 2 యొక్క ఏదో ఒక ఘాతంతో, ఉదాహరణకు 1,024తో, గుణిస్తారు. లెక్క అయ్యాక అదే సంఖ్యతో భాగిస్తారు. కంప్యూటర్ సంఖ్యలను రెండుల లెక్కలో దాచుకుంటుంది కనుక ఇలా గుణించడం వల్ల అంకెలేవీ చెదరవు, జవాబు యథాతథంగా రావాలి. ఎవరైనా పొరపాటున మీటర్లకు సెకన్లను కలిపే సూత్రం రాసి ఉంటే మాత్రం జవాబు మారిపోతుంది. లక్షల వరుసలను మనిషి చదివి పట్టుకోలేని ప్రమాణాల తప్పును ఒక్క గుణకారం పట్టుకుంటుంది.

మా పొరపాటు సంగతి ఇక్కడ చెప్పాలి. బంగాళాఖాతం వాయవ్య మూలకు ఒక చిన్న ప్రాంతీయ అమరికను మా విద్యార్థులు తయారుచేశారు. నాగావళి, వంశధార నీటిని కలిపి ఒక పరుగు, కలపకుండా ఒక పరుగు. రెండింటి మధ్య పైపొర ఉప్పదనంలో తేడా మేము ఊహించిన దానికన్నా ఎంతో ఎక్కువగా వచ్చింది. సంతోషించాం. రెండు చిన్న నదులకు అంత ప్రభావం ఉంటుందా అని తరువాత అనుమానం కలిగింది. “సార్, అదే ఫైలండీ, నది తప్ప ఇంకేమీ మార్చలేదండీ” అన్నాడు విద్యార్థి, నిజాయితీగానే అన్నాడు. మూడు వారాలు వెతికాక దొరికింది. నీరు నిలువునా ఎంతగా కలుస్తుందో చెప్పే గుణకం ఒక పరుగులో సెకనుకు 0.00001 చదరపు మీటర్లు ఉంది, రెండోదానిలో 0.0001 ఉంది. అంతకు ముందు సంవత్సరం చదివి వెళ్లిన మరో విద్యార్థి తన ప్రయోగం కోసం ఒక సున్నా తీసివేసి అలాగే వదిలేశాడు. ఆ ఫైలు గిట్‌లో లేదు, కోడ్ మాత్రమే ఉంది. మేము నదుల ప్రభావమనుకున్నది చాలావరకు ఆ సున్నా ప్రభావం. కోడ్‌ను ఎంత భద్రంగా దాచుకున్నా, దానికి ఇచ్చే గుణకాల ఫైళ్లను, సముద్రపు లోతుల పటాన్ని, గాలి, వాన వివరాలను, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు ఇచ్చిన ఆదేశాలను కూడా దానితో కలిపి నమోదు చేయకపోతే, ఏ పరుగు ఎందుకు అలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

రెండో భాగం యంత్రం. కోడ్‌ను ఎంతమంది వాడుకున్నా తరగదు, కంప్యూటర్ సమయం తరుగుతుంది. ఐఐటీఎంలోని ప్రత్యూష్, నోయిడాలోని మిహిర్ యంత్రాలు 2018లో వచ్చాయి. 2024లో వాటికన్నా ఎంతో శక్తిమంతమైన అర్క, అరుణిక వచ్చాయి. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పరమ్ యంత్రాలు విద్యాసంస్థలకూ అందాయి, ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వాటిలో ఒకటి. ఎంత పెద్ద యంత్రమైనా గిరాకీ దానికన్నా పెద్దదే. గడి పక్కను సగం చేస్తే లెక్క ఎనిమిది రెట్లవుతుందన్న సంగతి గుర్తుంటే అది ఎందుకో అర్థమవుతుంది.

ఇక్కడ వాడుకలో ఉన్న కొలత కోర్-గంట. వెయ్యి కోర్లను పది గంటలు వాడితే పదివేల కోర్-గంటలు. 8 కోర్ల ల్యాప్‌టాప్‌తో అదే పని చేయాలంటే ఒక్క క్షణం ఆగకుండా 52 రోజులు. ప్రతి బృందానికీ కాలానికి ఇంత అని కోటా ఉంటుంది. పనిని వరుసలో పెట్టి వంతు వచ్చినప్పుడు నడిపే పనిని స్లర్మ్, పీబీఎస్ వంటి షెడ్యూలర్లు చేస్తాయి. వంశధార ఎడమ కాలువ కింద శివారు భూమి ఉన్న రైతుకు ఈ ఏర్పాటులోని కష్టం వివరించనక్కర్లేదు. నీరు ఉన్నా, ఎగువన ఎవరెంత వాడుకున్నారన్న దాని మీద శివారు పంట ఆధారపడుతుంది. షెడ్యూలర్‌లో దీనికొక విరుగుడు ఉంది: ఈమధ్య ఎక్కువగా వాడుకున్న బృందం వంతు వెనక్కి, వాడుకోని బృందం వంతు ముందుకు జరుగుతుంది. కాలువ మీద ఈ లెక్క వేయడానికి మనుషులు కావాలి, మనుషుల మీద ఒత్తిళ్లు ఉంటాయి. యంత్రం మీద అది ప్రతి కొద్ది నిమిషాలకూ దానంతటదే జరుగుతుంది.

అయినా నియమం చేయలేనివి కొన్ని ఉన్నాయి. మూడు గంటల పనికి ఇరవై నాలుగు గంటలు అడిగితే షెడ్యూలర్ అంత పెద్ద ఖాళీ కోసం వేచి చూస్తుంది. సరిగ్గా మూడున్నర గంటలు అడిగితే రెండు పెద్ద పనుల మధ్య మిగిలిన సందులో దాన్ని ఇమిడ్చేస్తుంది. కోటా గడువు ముగిసే వారంలో మిగిలిన గంటలన్నీ వాడేయాలని అందరూ ఒకేసారి పనులు పంపిస్తారు, క్యూ పొడవైపోతుంది. అందువల్ల పెద్ద పరుగులను ఏ వారంలో ఎవరు నడపాలో బృందాలు ముందే మాట్లాడుకోవడం మేలు. ఆస్ట్రేలియాలో కోసిమా అనే కూటమిలో పలు విశ్వవిద్యాలయాలవారు ఒకే సముద్ర-హిమ నమూనాను ఒక డిగ్రీ, పావు డిగ్రీ, పదో వంతు డిగ్రీ గళ్లతో ఉమ్మడిగా నడిపి, ఫలితాలను అందరికీ ఇస్తున్నారు. ఒకే పరుగును ఐదుగురు ఐదుసార్లు చేయకుండా ఒకసారి చేసి పంచుకోవడం కన్నా మించిన పొదుపు నాకు కనిపించలేదు.

ఎక్కువ కోర్లు అడిగితే ఎక్కువ వేగం వస్తుందన్న నమ్మకం కూడా సరికాదు. సముద్రాన్ని పలకలుగా కోసి ఒక్కో పలకను ఒక్కో కోర్‌కు ఇస్తారు. ప్రతి అడుగు తరువాత అంచు గళ్ల విలువలను పొరుగు కోర్‌కు పంపాలి. నిలువునా అడ్డంగా నూరేసి గళ్లున్న పలకలో మొత్తం 10,000 గళ్లు, అంచువి 396. పదేసి గళ్లున్న పలకలో మొత్తం 100, అంచువి 36. పలక చిన్నదయ్యేకొద్దీ లెక్క తగ్గి, కబుర్లు పంపుకోవడం పెరుగుతుంది. ఒక హద్దు దాటాక కోర్లు పెంచితే కోటా కరిగిపోతుందే గాని పని ముందుకు సాగదు. పలకల్లో కొన్ని పూర్తిగా నేల మీద పడతాయి. మన తీరానికి గీసిన అమరికలో సాలూరు, పార్వతీపురం కొండల మీద పడిన పలకలకు లెక్కించవలసిన నీరే లేదు. వాటిని ముందే గుర్తించి తొలగిస్తే అన్ని కోర్లు ఇతరులకు మిగులుతాయి.

నిల్వ సంగతి క్లుప్తంగా. పావు డిగ్రీ ప్రపంచ నమూనాలో అడ్డంగా 1,440, నిలువుగా 1,080 గళ్లు, లోతుకు 75 పొరలు అనుకుంటే పదకొండున్నర కోట్లకు పైగా గళ్లు. వేడి, ఉప్పదనం, రెండు దిశల ప్రవాహం, నాలుగు విలువలను రోజుకొకసారి దాచితే రోజుకు దాదాపు 1.9 గిగాబైట్లు, వందేళ్లకు 68 టెరాబైట్లు. ప్రతి పరుగుకూ ఇంత దాచుకోవడం మావంటి చిన్న ప్రయోగశాలలకు కష్టం. ఏది రోజువారీగా కావాలి, ఏది నెల సగటుగా చాలు అన్నది పరుగుకు ముందే తేల్చుకోవాలి.

మన ప్రాంతపు కళాశాలల్లో ఇటువంటి పని సాధ్యమా అని చాలామంది అడుగుతారు. సాధ్యమే. మామ్, రోమ్స్ కోడ్ ఉచితంగా దొరుకుతుంది. సముద్రపు లోతుల జెబ్కో పటం, గాలి, వాన, ఎండల ఈఆర్ఏ5 వివరాలు ఉచితమే. 16 కోర్ల యంత్రం ఒకటి ఉంటే వాయవ్య బంగాళాఖాతానికి ముతక గళ్లతో ఒక అమరికను నడపవచ్చు. పెద్ద యంత్రం మీద కోటా అడిగేటప్పుడు చిన్న యంత్రం మీద సక్రమంగా, ఆధారాలతో చేసిన పనే మనకు అర్హత పత్రం. మా ప్రయోగశాలలో ఇప్పుడు గిట్‌లో నమోదు కాని గుణకాల ఫైలుతో ఏ పరుగూ మొదలవదు. పరుగు ఫలితాల ఫోల్డర్‌లో ఆ కమిట్ సంఖ్య దానంతటదే రాయబడుతుంది.

ఆ రెండు పరుగులను మేము మళ్లీ చేశాం. ఈసారి నదుల ప్రభావం చిన్నదే, తీరానికి దగ్గరగానే ఉంది. రెండో పరుగు నడుస్తుండగా ఒక అక్టోబరు రాత్రి గాలివానకు కరెంటు పోయింది, యూపీఎస్ కూడా ఆగిపోయింది. నమూనా లెక్కలో పది రోజులకొకసారి, అప్పటి విలువలన్నీ దాచుకునే రీస్టార్ట్ ఫైలు రాసే ఏర్పాటు ఉంది కనుక ఉదయం విద్యార్థి చివరి ఫైలు నుంచి పరుగును తిరిగి మొదలుపెట్టాడు. తరువాత, ఆగకుండా నడిచిన పరుగు ఒకటి కూడా చేసి, రెండింటి అరవయ్యో రోజు ఫైళ్లను పక్కపక్కన పెట్టి పోల్చాడు. కళింగపట్నం ఎదురుగా ఉన్న గడిలో ఉప్పదనం, వేడి, ప్రవాహం రెండింటిలోనూ చివరి అంకె దాకా ఒక్కటే.